అడగకుండా రాసిన ‘లేదు’

అరవింద్ తలుపు తీశాడు గానీ పక్కకు జరగలేదు.

“మా అమ్మను ఏం చేసినావు?” అన్నాడు గడపకు అడ్డంగా నిలబడి. నిన్నటిదాకా మేడం, మేడం అన్న నోరే అది.

 సనా ఫోన్లో విన్నది ఒక్కటే మాట. పొద్దున మంచం దిగబోయి రామతులసమ్మ కూలబడిందని, మళ్ళీ లేవలేదని. మార్కాపురం బస్టాండు వెనక ఉన్న తన ఫిజియోథెరపీ క్లినిక్ నుంచి ఈ ఇంటికి స్కూటీ మీద ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాలూ తాను చేయించిన వ్యాయామాలనే ఒక్కొక్కటిగా తలుచుకుంటూ వచ్చింది. బోర్లా పడుకుని ఛాతీ పైకి లేపడం. మోకాళ్ళు పొట్ట దాకా లాక్కోవడం. నడుము నొప్పికి ఎవరైనా చేయించేవే. పది రోజులుగా చేయించింది. ఏది వికటించింది?

“ముందు పెద్దమ్మను చూడనీ అన్నా,” అంది.

అతను ఇంకాసేపు అలాగే నిలబడి, చివరకు దారి ఇచ్చాడు.

హాల్లో అరవింద్ తండ్రి ఉమామహేశ్వర్లు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. ఈపాటికి పప్పు మిల్లులో ఉండవలసిన మనిషి. ఆయనకు మొదటినుంచీ ఈ వ్యాయామాల మీద గురి లేదు. వెలిగండ్ల వైపు ఒక పల్లెలో నడుములు తొక్కి సరిచేసే మనిషి ఉన్నాడని, అక్కడికి తీసుకుపోదామని అన్నాడు. చదువుకున్న అమ్మాయి, ఇంటికే వచ్చి చేస్తుందని సనాను తెచ్చింది అరవిందే.

“జీపుకు చెప్పినా. పదకొండుకల్లా వెలిగండ్ల చేరతాం,” అన్నాడు ఆయన, గోడతో చెబుతున్నట్టు.

అరవింద్ వద్దన్నాడు. ఒంగోలు పోయి స్కానింగ్ తీయిద్దామన్నాడు. తండ్రి తల అడ్డంగా ఊపాడు. నీ మాట విన్నందుకే కదా ఈ గతి అన్నది ఆయన పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆగినా అందరికీ వినపడింది. అరవింద్ ముఖం ఎర్రబడి, ఆ కోపమంతా తిరిగి సనా మీదికే వచ్చింది.

ఆమె లోపలి గదిలోకి నడిచింది.

గదిలో డెటాల్ వాసన గుప్పుమంది. రామతులసమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. మే నెల ఉక్కలో కూడా దుప్పటి గుండెల దాకా కప్పుకుని, దాని అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. కాళ్ళ దగ్గర కోడలు వాసవి నిలబడి ఉంది. తల ఎత్తలేదు.

కాలివేళ్ళు పైకి లేపమని సనా అడిగింది. కుడికాలి బొటనవేలు కొంచెం కదిలింది. ఎడమ పాదం కదలనే లేదు. రామతులసమ్మ తన పాదం వైపు చూసి, అది వేరే ఎవరిదో అయినట్టు చూపు తిప్పేసుకుంది.

“నొప్పి ఎట్లుంది పెద్దమ్మా?”

“తగ్గింది పాపా. పొద్దుట్నుంచి అంతగా లేదు.”

గది గుమ్మంలో నిలబడ్డ ఉమామహేశ్వర్లు ఊపిరి వదిలాడు. నొప్పి తగ్గిందంటే మంచిదే కదా అన్నాడు. సనా ఆ ఎడమ పాదం వైపే చూసింది. నొప్పి తగ్గి కాలు బాగుపడితే మంచిది. నొప్పీ పోయి, కాలూ పోతుంటే అది మంచి కాదు. ఆ రెండింటితో పాటు మూడోది ఒకటి ఉంటుంది. దాన్ని అడిగి తెలుసుకోవాలి. పది రోజుల కిందటే తెలుసుకుని ఉండాలి.

మొదటి రోజు ఇదే మంచం పక్కన కుర్చీ వేసుకుని కేస్ షీట్ నింపింది. పేరు, వయసు, నొప్పి ఎప్పటినుంచి, ఎక్కడినుంచి ఎక్కడికి పాకుతుంది. తలగడ దగ్గర అరవింద్ నిలబడి సగం జవాబులు అతనే చెప్పాడు. గది గుమ్మంలో ఉమామహేశ్వర్లు. పదకొండో ప్రశ్న దగ్గర ఆమె కలం ఆగింది. మల మూత్రాల విషయంలో ఏమైనా తేడా ఉందా? కొడుకూ మొగుడూ చూస్తుండగా అరవై ఏళ్ళ మనిషిని ఎట్లా అడగాలి? ఏమైనా ఉంటే ఆమే చెప్పదా? సనా అడగలేదు. ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి పన్నెండో ప్రశ్నకు పోయింది.

అప్పుడే వాసవి నోరు తెరిచింది. “అత్తమ్మకు బాత్రూంలో...” అని మొదలుపెట్టింది. రామతులసమ్మ చురుక్కున చూసింది. సనా నవ్వుతూ, ఒక్క నిమిషం వదినా, ముందు ఈ నొప్పి సంగతి అయిపోనీండి అంది. ఆ ఒక్క నిమిషం పది రోజులయింది. సనా తిరిగి అడగలేదు. వాసవి తిరిగి చెప్పలేదు.

కర్నూలు కాలేజీలో సుందరరాజు సారు ఆరు వారాల పాటు రోగిని ప్రశ్నించడం ఒక్కటే నేర్పాడు. పక్కవాళ్ళు చెప్పిన జవాబును రోగి జవాబుగా రాయొద్దని ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. పరీక్షలో ఆ పాఠానికి సనాకు మంచి మార్కులు వచ్చాయి.

“అందరూ కాసేపు బయట ఉండండి. పెద్దమ్మతో మాట్లాడాలి.”

“ఏం మాట్లాడినా మా ముందే మాట్లాడు,” అన్నాడు అరవింద్. “మళ్ళా ఏం చేస్తావో మాకేం తెలుసు?”

సనా ఏదో చెప్పబోయింది. అంతలో మంచం కాళ్ళ వైపు నుంచి వాసవి గొంతు వినపడింది. గట్టిగా కాదు.

“మీరు బయటికి పొండి.”

ఆ ఇంట్లో ఆమె భర్తతో ఆ తీరున మాట్లాడటం ఎవరూ విని ఉండరు. అరవింద్ భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. అతను తండ్రి భుజం పట్టుకుని బయటికి నడిచాడు. వాసవి తలుపు వేసి గడియ పెట్టింది.

సనా కుర్చీ లాక్కోలేదు. తన ముఖం రోగి ముఖం కన్నా కిందకు ఉండేటట్టు మంచం పక్కన నేల మీద కూర్చుంది. సంచిలోంచి కాగితం గానీ కలం గానీ తీయలేదు.

ఒంటికి సరిగ్గా పోతున్నారా అని అడిగింది. పోతున్నానంది రామతులసమ్మ. ప్రశ్న పూర్తి కాకముందే వచ్చిన జవాబు అది. సనాకు మళ్ళీ అదే తప్పు చేశానని అర్థమయింది. అవును కాదు అని తేల్చేసే ప్రశ్న వేస్తే, సిగ్గుపడే మనిషికి దాక్కోవడానికి చోటు చూపించినట్టే.

“సరే పెద్దమ్మా. నిన్న నిద్ర లేచిన కాడ్నుంచి ఈ పొద్దు దాకా ఏమేం జరిగిందో మీరే చెప్పండి. నేను మధ్యలో మాట్లాడను.”

రామతులసమ్మ పైకప్పు వైపు చూసింది.

హాల్లో తండ్రీ కొడుకుల మాటలు లేస్తూ పడుతూ వినపడుతున్నాయి. జీపు వచ్చినట్టుంది, వీధిలో హారన్ మోగింది. ఇప్పుడు ఆ తలుపు కొడతారు. ఆమెను ఎత్తుకుపోయి ఎవరి పాదాల కిందో పడుకోబెడతారు. అదే జరిగితే? సనా నాలుక చివర పది ప్రశ్నలు తోసుకొస్తున్నాయి. ఒక్కటి అడిగినా ఈ మనిషి మళ్ళీ ముడుచుకుపోతుంది. రెండు చేతులూ ఒళ్ళో బిగించి కూర్చుంది.

హారన్ మళ్ళీ మోగింది.

“కూర్చుంటే కూర్చున్నట్టు ఉండట్లేదు పాపా,” అంది రామతులసమ్మ.

సనా తల మాత్రం ఊపింది.

“పీట మీద కూర్చున్నా దూది మీద కూర్చున్నట్టే. ఆడ మనిషిని, అట్లాంటి చోట మొద్దుబారిందని ఎవరికి చెప్పుకోను? బాత్రూంలో ఎంతసేపు కూర్చున్నా రాదు. లేచి వచ్చినాక తెలీకుండా పోతుంది. చీర తడిసినాక గానీ నాకు తెలీదు.” ఒక్కొక్క మాట బయటికి తీస్తున్నకొద్దీ ఆమె గొంతు చిన్నదైపోయింది. “తడవడం మూడు దినాలు. రాకపోవడం, నువ్వు ఫస్టు వచ్చిన దినానికి ముందే.”

ముందే. అంటే, ఆ గడిలో టిక్కు పెట్టిన రోజుకే.

అత్త చీరలన్నీ పనిమనిషి రాకముందే తాను ఉతుకుతున్నానని వాసవి చెప్పింది. ఎవరికీ చెప్పనని అత్త తన తల మీద చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకుందని చెప్పింది. నిన్న మధ్యాహ్నం ఒట్టు తీసి గట్టు మీద పెట్టి మీకు ఫోన్ చేద్దామనుకున్నా అంది. ఎందుకు చెయ్యలేదో చెప్పలేదు. మొదటి రోజు తాను నోరు తెరిస్తే ఏమయిందో సనాకు గుర్తు చేయవలసిన పని లేదు.

“నా కొడుక్కు చెప్పొద్దు,” అంది రామతులసమ్మ. “ఆయనకు అసలు చెప్పొద్దు. మా అత్తకు ఆఖర్లో ఇదే వచ్చింది. పక్క తడిపేది. పెరట్లో వసారాలో మంచమేసి పెట్టినాము. కంచం గడప కాడ పెట్టి వచ్చేదాన్ని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. వేరే ఎవరో కాదు, నేనే. పద్నాలుగు నెలలు బతికింది ఆయమ్మ. ఆ వసారా ఇంకా ఉంది పాపా. ఆ మంచం కూడా ఉంది.”

ఆ మాటకు ఏం చెప్పాలో ఏ కాలేజీలోనూ నేర్పలేదు. సనా ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత అనుమతి అడిగి, దుప్పటి తొలగించి, దూది ఉండతో తొడల లోపలి వైపు తాకుతూ పోయింది. తాకినప్పుడల్లా చెప్పమంది. రామతులసమ్మ కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. సనా ఏడు చోట్ల తాకింది. ఆమె ఒక్కసారీ చెప్పలేదు.

“మొదలుపెట్టు పాపా,” అంది ఆఖరుకు.

వాసవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది.

సనా తలుపు తీసి బయటికి వచ్చింది. చెప్పవలసింది చెప్పింది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ జారి కింది నరాలన్నింటినీ ఒక్కచోట నొక్కేస్తోందని. కాళ్ళకూ, ఒంటికి పోవడానికీ అవే నరాలని. ఇప్పుడే బయలుదేరి గుంటూరు పోవాలని, బహుశా ఈ రోజే ఆపరేషన్ కావాలని. ఆలస్యమయ్యే ప్రతి గంటకూ తిరిగి రానిదేదో పోతుంటుందని.

నొప్పి తగ్గిందంటుంది కదా, అన్నాడు ఉమామహేశ్వర్లు మళ్ళీ.

“నొప్పి చెప్పే నరమే మొద్దుబారింది పెద్దనాయనా. ఇప్పుడు ఆ నడుము మీద ఎవరన్నా కాలు పెడితే, ఇంక జన్మలో లేవదు.”

ఆయన ముఖంలో రంగు పోయింది. ఇంకా ఏదో అడగబోయాడు. ఈలోగా వాసవి అత్త బట్టల సంచి తెచ్చి గుమ్మంలో పెట్టింది. కారులో వెనక సీట్లు మడిచి పరుపు వెయ్యమని భర్తకు చెప్పింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే యర్రగొండపాలెం వైపు ప్రమాదానికి పోయిందని, రావడానికి గంట పైన పడుతుందని చెప్పారు. అరవింద్ మారు మాట్లాడకుండా కారు తాళాలు తీసుకున్నాడు. వీధిలో జీపు ఖాళీగా వెనక్కు తిరిగింది.

తలుపుచెక్క మీద పడుకోబెట్టి మిగతా ముగ్గురూ ఆమెను కారులోకి చేర్చేలోపు సనా గుంటూరులో తనకు తెలిసిన వెన్నెముక సర్జన్‌కు ఫోన్ చేసింది. ఆయన తొందరలో ఉన్నాడు. తీసుకురండి, మీరు దారిలో ఉండగా ఫోన్ చేస్తాను, మీ కేస్ షీట్ కూడా తెండి అని పెట్టేశాడు.

ఆమె సంచి తెరిచి ఆ కాగితం చూసింది. పదకొండో ప్రశ్న. పక్కపక్కనే రెండు గడులు. కలం సంచిలోనే ఉంది. ఆ టిక్కు కొట్టేసి పక్క గడిలో పెడితే ఎవరికి తెలుస్తుంది? అసలు కాగితమే పోయిందంటే? ఈ ఊళ్ళో క్లినిక్ పెట్టి రెండేళ్ళు కాలేదు. ఒక్క మాట బయటికి పొక్కితే ఇక ఆ మెట్లెక్కేవాళ్ళు ఉండరు. అది కూడా చిన్న సంగతే. గదిలో ఏడు చోట్ల తాకిన దూది వేళ్ళ మధ్య ఇంకా ఉన్నట్టే ఉంది.

అరవింద్ బయటినుంచి పిలిచాడు. సనా కాగితం అలాగే మడిచి లోపల పెట్టి పరిగెత్తింది.

అరవింద్ బండి నడుపుతున్నాడు. పక్కన తండ్రి. వెనక పరుపు మీద రామతులసమ్మ, తల వైపు సనా, కాళ్ళ వైపు వాసవి. పెద్దారవీడు దాటారు. గుంత వచ్చినప్పుడల్లా అరవింద్ అద్దంలోంచి తల్లి ముఖం చూస్తున్నాడు. ఆమె ఒక్కసారి కూడా మూలగలేదు. మూలిగితే బాగుండుననిపించింది సనాకు.

త్రిపురాంతకం దగ్గరకు వస్తుండగా సర్జన్ ఫోన్ చేశాడు. ఏసీ చప్పుడుకు సరిగ్గా వినపడటం లేదని సనా స్పీకర్ పెట్టింది. అది ఎంత పెద్ద పొరపాటో ఆయన రెండో ప్రశ్నకు గానీ తెలియలేదు.

మూత్రం సమస్య ఎప్పుడు మొదలయిందని ఆయన అడిగాడు. దాన్నిబట్టే లోపల ఏం చేయాలో తేల్చుకోవాలన్నాడు. ఆ తర్వాత, “మొదటి విజిట్‌లో అడిగారా? ఏమని రాశారు?”

అరవింద్ బండి వేగం తగ్గించాడు. సనా సంచిని ఒళ్ళోకి లాక్కుంది. ‘లేదు’ అని రాశాను అంటే అబద్ధం కాదు. అంతవరకే చెబితే చాలు.

“అడిగింది,” అంది రామతులసమ్మ పరుపు మీదినుంచి. కళ్ళు మూసుకునే ఉంది. “ఆ పాప అడిగింది. నేనే లేదని చెప్పినా. తప్పు నాదే.”

వాసవి చప్పున తల ఎత్తింది. మొదటి రోజు ఆ మాట ఎత్తబోయి ఆగిపోయిన మనిషి ఆమె.

సనాకు ఒక్క క్షణం ఊపిరి తేలికయింది. ఆ తేలిక ఎంత హాయిగా ఉందో ఆమెకే భయం వేసింది.

అయితే పది రోజుల లోపే మొదలయిందన్నమాట, అంటున్నాడు సర్జన్ అవతల ఎవరితోనో. ఆ లెక్క తప్పు. ఆ లెక్కతోనే ఈ మనిషిని బల్ల మీద పడుకోబెడతారు.

“లేదు సార్,” అంది సనా.  “నేను అడగలేదు. ఇంట్లో మగవాళ్ళు ఉన్నారని అడగకుండానే ‘లేదు’ అని రాశాను. మూత్రం రాకపోవడం నేను చూడకముందే ఉంది. మూడు రోజులుగా తెలియకుండా పోతోంది. ఈ పొద్దు ఎడమ పాదం పూర్తిగా పడిపోయింది.”

 ఆయన ఏదో అంటాడని అందరూ ఎదురుచూశారు.

“థియేటర్ సిద్ధం చేయిస్తాను. దారిలో ఎక్కడా ఆగకండి,” అని పెట్టేశాడు.

 వాకిట్లో అరిచిన అరవింద్ ఇప్పుడు స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి ముందుకు చూస్తూ నడిపాడు. చాలాసేపటికి, “గుంటూరు చేరినాక మాట్లాడదాం,” అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. సనాకు అరుపు కన్నా అదే ఎక్కువ భయంగా తోచింది.

ఉమామహేశ్వర్లు సీట్లోంచి వెనక్కు తిరిగాడు. నలభై ఏళ్ళు కలిసి బతికిన భార్య వైపు అర్థం కానట్టు చూశాడు.

“నాకన్నా చెప్పొచ్చు కదా తులసీ. ఎందుకు చెప్పలా?”

ఆమె కిటికీ వైపు తల తిప్పుకుంది.

“పెరటి వసారాలో వేస్తారని భయపడింది మామయ్యా,” అంది వాసవి.

  ఆయన మెల్లగా ముందుకు తిరిగి కూర్చున్నాడు. తప్పు పెట్టుకున్న గుండీలు ఒక్కొక్కటీ విప్పి, మళ్ళీ పెట్టుకోవడం మరిచిపోయి, చొక్కా అంచులు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

రోడ్డు పక్కన ఎండిన కంది కట్టె, రాళ్ళ గుట్టలు వెనక్కు పోతున్నాయి. వినుకొండ ఇంకా చాలా దూరం ఉంది. సనా రామతులసమ్మ నుదుటి చెమట తుడిచింది. అబద్ధం ఎందుకు చెప్పినారు పెద్దమ్మా అని అడగాలనుకుంది. అడిగే హక్కు తనకు లేదనిపించింది.

రామతులసమ్మే కళ్ళు తెరిచింది. సనా వైపు కాదు, కాళ్ళ వైపు చూడబోయి, తల లేవక వెనక్కు వాలిపోయింది.

“వాసవీ.”

“ఏంది అత్తమ్మా?”

“కాస్త నా పాదాలు పట్టుకోమ్మా. కారు కుదుపుకు ఎట్ల పోతాయో ఏమో.”

వాసవి సనా వైపు చూసింది. ఇల్లు దాటిన దగ్గర్నుంచి ఆమె ఆ రెండు పాదాలనూ ఒళ్ళోకి తీసుకుని గట్టిగా అదిమి పట్టుకునే ఉంది. కుడి పాదం కూడా.

“పట్టుకుంటా అత్తమ్మా,” అంది, గొంతు మామూలుగా ఉంచుకుని.